కేంబ్రిడ్జి ఊరు జీవశాస్త్రం నేర్చుకున్న ఏడాది

1976 జూన్ 23 సాయంత్రం అమెరికాలోని కేంబ్రిడ్జి సిటీ హాల్లో కాలు పెట్టే సందు లేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్‌ని ఆనుకుని, ఛార్లెస్ నదికి ఇవతలి గట్టున ఉన్న ఊరిది. హార్వర్డ్, ఎం.ఐ.టి. రెండూ ఇక్కడివే. సభకు ముందు ఊరి హైస్కూలు పిల్లలు 'దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్' పాట పాడారు. తర్వాత మేయర్ ఆల్‌ఫ్రెడ్ వెలూచి మైకు ముందుకొచ్చి, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన శాస్త్రవేత్తలకు ఒక షరతు పెట్టాడు. పొడి అక్షరాలతో మాట్లాడొద్దు, ఈ గదిలో ఎక్కువమందిమి, నాతో సహా, మామూలు జనం, మీరు చేసేదేమిటో మాకు అర్థమయ్యేట్టు విడమరిచి చెప్పండి అన్నాడు.

ఆ సభ వీడియో ఎం.ఐ.టి. వాళ్ళు భద్రంగా దాచారు. ఈ ఊళ్ళోని మా బ్రాంచి లైబ్రరీలో శనివారాలు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సింథటిక్ బయాలజీ పరిచయం చేసేటప్పుడు నేను మొట్టమొదట చూపించేది ఆ వీడియోలో ఈ ముక్కనే. తెనాలిలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉండటానికి ఇక్కడికి వచ్చినదాన్ని. డీఎన్‌ఏ నిచ్చెన బొమ్మ నల్లబల్ల మీద ఎన్నోసార్లు వేశాను. దాన్ని కత్తిరించి అతికించే పని మీద ఒక ఊరు ఊరంతా తగువు పెట్టుకుందని మాత్రం ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు.

ఆ తగువు పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బాయర్ బృందాలు ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను బాక్టీరియాలోని చిన్న డీఎన్‌ఏ చక్రంలో ఇమిడ్చి, ఆ బాక్టీరియాతో పాటే పెరిగేలా చేశాయి. ఆ చక్రాన్నే ప్లాస్మిడ్ అంటారు, ఈ పనికి రీకాంబినెంట్ డీఎన్‌ఏ అని పేరొచ్చింది. ఎక్కువగా వాడింది ఈ.కోలై అనే బాక్టీరియాని. మన పేగుల్లో ఉండేదీ దాని జాతే. కాన్సర్ తెప్పించే వైరస్ ముక్క ఏదైనా అందులో చేరి బయటపడితే ఏమవుతుందన్న భయం ముందు శాస్త్రవేత్తలకే పుట్టింది. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో పాల్ బెర్గ్ తదితరులు సమావేశమై జాగ్రత్తలు రాసుకున్నారు. వాటి ఆధారంగా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ల్యాబులను పి1 నుంచి పి4 దాకా నాలుగు స్థాయిలుగా విడదీసింది. ఆ నిబంధనలు విడుదలైన తేదీ కూడా 1976 జూన్ 23. పగలు దేశం నిబంధనలు, రాత్రి ఊరి విచారణ.

హార్వర్డ్ తన జీవశాస్త్ర భవనంలో ఒక పి3 ల్యాబు కట్టాలనుకుంది. పి3 అంటే తలుపు గుండా గాలి బయటి నుంచి లోపలికే పోవాలి, లోపలి నుంచి నడవలోకి రాకూడదు. అడుగు పెట్టేవాళ్ళ మీద కట్టుదిట్టం ఉండాలి. దీన్ని మొదట ఎదిరించింది అదే భవనంలో పనిచేసే రూత్ హబ్బర్డ్, ఆమె భర్త, నోబెల్ గ్రహీత జార్జ్ వాల్డ్. ఆ కట్టడం పాతది, గోడల్లో ఫారో చీమలు కాపురం ఉన్నాయి, ఎన్ని మందులు కొట్టినా పోలేదు. చీమలు స్వేచ్ఛగా తిరిగే ఇంట్లో బాక్టీరియా బయటికి రాదని ఎలా చెబుతారని వాళ్ళ ప్రశ్న. జూన్ మొదట్లో 'బోస్టన్ ఫీనిక్స్' పత్రిక దాన్ని వీధిలోకి తెచ్చింది. పిల్లలకు ఈ కథంతటిలో చప్పున పట్టుబడేది చీమలే. పి3 అన్న మాట మర్చిపోతారు, చీమల్ని మర్చిపోరు. పెద్ద పెద్ద మాటల మధ్య చీమను చూపించిన హబ్బర్డ్ గారి మీద నాకు అందుకే గౌరవం.

వెలూచి ఈస్ట్ కేంబ్రిడ్జిలో ఇటలీ వలస కుటుంబాల మధ్య పెరిగిన మనిషి. హార్వర్డ్‌తో ఆయనకు పాత పేచీ. ఆ విశ్వవిద్యాలయం మధ్యనున్న పచ్చిక మైదానాన్ని చదును చేసి కార్లు పెట్టుకునే చోటు చేయిస్తానని ఒకప్పుడు బెదిరించాడు కూడా. 1977 మేలో ఆయన జాతీయ సైన్స్ అకాడమీకి ఒక ఉత్తరం రాశాడు. డోవర్ ఊళ్ళో నారింజ రంగు కళ్ళున్న వింత ప్రాణి కనబడిందట, పక్క రాష్ట్రంలోని హోలిస్‌లో తొమ్మిదడుగుల బొచ్చు ప్రాణి కనబడిందట, వీటికీ మీ ప్రయోగాలకీ సంబంధం ఉందేమో విచారించండి అని. ఆ ఉత్తరం చూపించి ఆయన్ని వెటకారం చేసినవాళ్ళు చాలామంది. పిల్లలకు అది చదివి వినిపించినప్పుడు నేను నవ్వను, వాళ్ళనీ నవ్వనివ్వను. తెలియని దాన్ని చూసి భయపడటం తప్పు కాదు. భయాన్ని కాగితం మీద పెట్టి, జవాబు చెప్పాల్సినవాళ్ళకే పంపించాడాయన.

1976 జూలైలో రెండో విచారణ తర్వాత కౌన్సిల్ పి3 పనులను మూడు నెలలు ఆపమని కోరింది. విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత ఊరు చేసిన పని ఇంకా గొప్పది. తీర్పు చెప్పడానికి ఎనిమిదిమంది ఊరివాళ్ళతో ఒక మండలి వేసింది. వాళ్ళలో రీకాంబినెంట్ డీఎన్‌ఏ మీద పనిచేసే శాస్త్రవేత్త ఒక్కరూ లేరు. అది కావాలని పెట్టుకున్న నియమం.

అధ్యక్షుడు డేనియల్ హేస్ ఇళ్ళు వెచ్చబరిచే చమురు అమ్ముకునే వ్యాపారి, ఊరి మాజీ మేయర్. సిస్టర్ మేరీ లూసీల్ బనాక్ ఆస్పత్రిలో పనిచేసే క్రైస్తవ సన్యాసిని. ఇంకా ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సమాజ సేవకురాలు, కౌన్సిల్‌లో పూర్వం సభ్యురాలిగా చేసిన ఒకావిడ. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి షెల్డన్ క్రిమ్స్‌కీ, ఆయన చదువు తత్వశాస్త్రం. ఎనిమిదో మనిషి విలియం లెమెజూరియర్, ఎత్తయిన కట్టడాల ఇంజనీరు. ఈయన గురించి ఒక మాట అదనంగా చెప్పాలని ఉంది. న్యూయార్కులో సిటీకార్ప్ భవనం లెక్కలు కట్టింది ఈయనే. 1978లో, అంటే ఈ మండలి పని ముగిశాక, పెద్ద గాలివాన వస్తే ఆ భవనం నిలవకపోవచ్చని తెలిసి, తానే వెళ్ళి యజమానులకు చెప్పాడు. రాత్రిళ్ళు ఉక్కు పలకలు అతికించి దాన్ని గట్టిపరిచారు. అపాయం ఎంత శాతమైతే ఒప్పుకోవచ్చు, ఎంతైతే ఒప్పుకోకూడదు అన్న లెక్క ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనేనేమో అనిపిస్తుంది నాకు.

ఈ ఎనిమిదిమందీ ఆ ఆగస్టు చివర మొదలుపెట్టి, నూరు గంటలకు పైగా కూర్చున్నారు. పగలు ఎవరి ఉద్యోగం వాళ్ళది, సాయంత్రాలు ఈ చదువు. ప్లాస్మిడ్ అంటే ఏమిటి, ఈ.కోలైలో కె-12 రకానికీ మన పేగుల్లో రకానికీ తేడా ఏమిటి, ల్యాబులో పెంచీ పెంచీ బలహీనమైన ఆ రకం మనిషి కడుపులో బతుకుతుందా. రెండు పక్షాల శాస్త్రవేత్తలనూ పిలిచి పాఠాలు చెప్పించుకున్నారు. ఒక రోజు కోర్టు నమూనాలో ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరినొకరు ప్రశ్నించుకోమని తాము వింటూ కూర్చున్నారు.

1977 జనవరిలో వాళ్ళ నివేదిక వచ్చింది. ఎనిమిదిమందిదీ ఒకటే మాట. పరిశోధన సాగవచ్చు, కాని ప్రభుత్వ నిబంధనలు చాలవు. ల్యాబులో పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇవ్వాలి. వాడే బాక్టీరియా ఏయే యాంటీబయోటిక్స్‌కు లొంగదో పరీక్షించాలి. అది పనివాళ్ళ ఒంట్లో చేరిందేమో కనిపెట్టి ఉండాలి. విశ్వవిద్యాలయాల్లో ఉండే భద్రతా సంఘాల్లో ఊరి మనిషి ఉండాలి. వీటన్నిటి మీదా ఊరికి తన సొంత సంఘం ఉండాలి. పనివాళ్ళ ఒంటి గురించిన షరతు నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. పెద్ద శాస్త్రవేత్తలు వాదనలో మునిగి ఉండగా, గ్లాసులు కడిగేవాళ్ళనూ నేల తుడిచేవాళ్ళనూ గుర్తుపెట్టుకున్నది ఆస్పత్రి పని తెలిసిన ఆడవాళ్ళే అయి ఉంటారని నా ఊహ. ఫిబ్రవరి 7న సిటీ కౌన్సిల్ దీన్ని చట్టం చేసింది. పి4 ల్యాబులను ఊళ్ళో పూర్తిగా నిషేధించింది. రీకాంబినెంట్ డీఎన్‌ఏ మీద అమెరికాలో ఒక ఊరు చేసిన తొలి చట్టం అది.

హార్వర్డ్‌లో ఇన్సులిన్ జన్యువు మీద పనిచేస్తున్న వాల్టర్ గిల్బర్ట్, మానవ జన్యువుతో చేయాల్సిన ప్రయోగానికి 1978లో తన బృందంతో ఇంగ్లండులోని పోర్టన్ డౌన్ దాకా పోవలసి వచ్చింది, పి4 ల్యాబు కోసం. సైన్సుకు ఊరు అడ్డుపడిందని దీన్ని చెబుతుంటారు. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా. అదే గిల్బర్ట్ భాగస్వామిగా పుట్టిన బయోజెన్ కంపెనీ 1982 నాటికి ఈ ఊరికే వచ్చింది. అప్పట్లో పక్క ఊళ్ళలో నిబంధన ఏమిటో, ఎవరు ఎప్పుడు ఆపుతారో తెలియదు. ఇక్కడ చట్టం రాసి పెట్టి ఉంది, ఏం చేయాలో చదువుకోవచ్చు. ఒక్కో కంపెనీ చేరి, కెండల్ స్క్వేర్ చుట్టూ సబ్బు, మిఠాయి కార్ఖానాలు ఉన్న వీధులు ల్యాబులయ్యాయి. మసాచుసెట్స్ అవెన్యూలో నెక్కో మిఠాయి కార్ఖానా నోవార్టిస్ పరిశోధన కేంద్రమైంది. కప్పు మీది నీళ్ళ ట్యాంకుకు ఒకప్పుడు రంగురంగుల మిఠాయి బిళ్ళల పొట్లంలా రంగులు వేసి ఉండేవి. దాని మీద తర్వాత డీఎన్‌ఏ మెలికలు గీశారు.

ఊరు ఇలా సాయంత్రాలు చదువుకుంటున్న వేసవిలోనే, 1976 ఆగస్టులో, ఎం.ఐ.టి.లో హర్‌గోవింద్ ఖొరానా బృందం ఒక జన్యువును రసాయనాలతో మొదటి నుంచి చివరిదాకా కట్టి, అది బాక్టీరియాలో పనిచేస్తుందని చూపించింది. ఖొరానా పుట్టింది ముల్తాన్ జిల్లాలో సుమారు నూరుమంది ఉండే రాయ్‌పూర్ అనే పల్లెలో. తండ్రి పట్వారీ, ఆంధ్ర వైపు ఒకప్పుడు కరణం అన్న ఉద్యోగమే. ఆ పల్లెలో చదువు వచ్చిన కుటుంబం దాదాపు వాళ్ళదొక్కటే. పిల్లవాడు మొదటి నాలుగేళ్ళూ చెట్టు కింద బడిలో చదివాడు. ఉన్న జన్యువును కత్తిరించి అతికించడం ఒక పని, లేనిదాన్ని ఒక్కో అక్షరం పేర్చి రాయడం ఇంకో పని. ఈ రెండో పని కూడా తర్వాత సింథటిక్ బయాలజీ అన్న పేరు కిందికి వచ్చింది. చెట్టు కింద బడి మాట చెప్పినప్పుడు మా పిల్లల్లో వలస కుటుంబాల వాళ్ళ మొహాలు మారడం నేను చూస్తుంటాను.

2000 తర్వాత ఎం.ఐ.టి.లో కంప్యూటర్ ఇంజనీరు టామ్ నైట్ వగైరాలు జన్యు ముక్కల్ని ఒకదానికొకటి సరిపోయే భాగాలుగా చేసి, ఎవరైనా పేర్చుకునేలా అందరికీ ఇద్దామనుకున్నారు. 2003 జనవరిలో విద్యార్థులకు ఒక చిన్న కోర్సు పెట్టారు. అదే పెరిగి ఐజెమ్ అనే అంతర్జాతీయ పోటీ అయింది. 2006లో ఎం.ఐ.టి. విద్యార్థులు ఈ.కోలై చేత వాసనలు వేయించారు. పెరుగుతున్నంతసేపు నొప్పుల బామ్ వాసన, పెరగడం ఆగాక అరటిపండు వాసన. అరటిపండు వాసన తెప్పించే జన్యువు ఈస్టు నుంచి తెచ్చింది. నటాలీ కుల్‌డెల్ అనే ఎం.ఐ.టి. అధ్యాపకురాలు దీన్ని బడి పిల్లల ప్రయోగంగా మలిచారు, 2011లో బయోబిల్డర్ అనే సంస్థ పెట్టారు. మన వైపు చూస్తే, 2009 పోటీకి బెంగళూరు నుంచి కళల విద్యార్థులు వెళ్ళారు. వాళ్ళు బాక్టీరియా చేత వేయించాలనుకున్న వాసన ఏదో తెలుసా? తొలకరి పడ్డప్పుడు నేలలోంచి లేచే వాసన. ఆ వాసన ఇచ్చే పదార్థం పేరు జియోస్మిన్, నేలలో సూక్ష్మజీవులు తయారుచేసేదే.

మా లైబ్రరీ గదిలో జన్యువులు మార్చే ప్రయోగం చేయం. ఆ 1977 చట్టం వంశంలోని నిబంధనల ప్రకారం ఈ ఊళ్ళో అలాంటి పనికి పర్మిట్ కావాలి. పిల్లలకు ఇది చెప్పినప్పుడు మొదట నిరుత్సాహపడతారు, తర్వాత ఆ కాగితం చూపించమని అడుగుతారు. అసలు బాక్టీరియా పనికి పర్మిట్ ఉన్న ల్యాబుకు తీసుకెళ్తాం. లైబ్రరీలో చేసేది స్ట్రాబెర్రీ.

పండును జిప్పు సంచిలో వేసి చేత్తో పిసుకుతారు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, చిటికెడు ఉప్పు కలుపుతారు. కణాల చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బు విప్పేస్తుంది, ఉప్పు డీఎన్‌ఏ పోగుల్ని దగ్గరికి చేరుస్తుంది. కాఫీ వడపోసే కాగితంలో వడగట్టి, ఎర్రటి నీళ్ళను పరీక్షనాళికలో పోసి, ఫ్రిజ్‌లోంచి తీసిన స్పిరిట్‌ను గోడ వెంట మెల్లిగా జారవిడవాలి. తొందరపడితే రెండూ కలిసిపోయి ఏమీ కనపడదు. ఓపిక పడితే ఎరుపుకీ తెలుపుకీ సరిహద్దులో మబ్బు కట్టినట్టు తేలి, నిమిషంలో తెల్లని తీగలవుతుంది. పుల్లకు చుట్టి పైకి లాగితే సాగుతూ వస్తుంది. స్ట్రాబెర్రీలో క్రోమోజోముల సెట్లు ఎనిమిది, అందుకే ఇంత దొరుకుతుంది. మొన్న ఒక అబ్బాయి పుల్ల పట్టుకుని "మిస్, ఇది జలుబు చీమిడిలా ఉంది" అన్నాడు. తెలుగింటి పాప ఒకతె నా పక్కకు జరిగి, "అమ్మమ్మా, ఇది బతికుందా?" అని గుసగుసగా అడిగింది. లేదమ్మా అన్నాను. "మరి దీన్ని ఇంకోదాంట్లో పెడితే?" అంది. అసిలోమార్‌లో పెద్దవాళ్ళు కూర్చున్నది ఆ ప్రశ్న మీదే.

ఆ గదికి పిల్లలొక్కరే రారు. తాతలొస్తారు, బస్సు నడిపే తండ్రి డ్యూటీ దిగి వస్తాడు, ఒక పాప తల్లి ల్యాబుల్లో రాత్రి పూట శుభ్రం చేసే పనిచేస్తుంది. ల్యాబు చెత్త వేసే ఎర్ర సంచి ఎలా ముడి వేయాలో, చేతి తొడుగు వెలుపలి వైపు తాకకుండా ఎలా తీయాలో పిల్లలకు చూపించింది ఆవిడే. నాకు పుస్తకంలో ఉన్నది తెలుసు, ఆవిడకు చేతుల్లో ఉంది.

మన వైపు ఈ చరిత్రకు సాటి లేకపోలేదు. హైదరాబాదులో వరప్రసాదరెడ్డి గారు 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ ఈస్టులో హెపటైటిస్-బి జన్యువు పెట్టి టీకా చేసింది. 1997లో అది బయటికి వచ్చాక, దిగుమతి టీకా కొనలేని ఇళ్ళకు కూడా అందింది. రీకాంబినెంట్ డీఎన్‌ఏ అంటే మన పిల్లల చేతికి గుచ్చిన ఆ సూది కూడా అని నేను ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు చెబుతుంటాను. ఇక జన్యువు మార్చిన బి.టి. వంకాయ సంగతి వచ్చినప్పుడు 2010 జనవరిలో హైదరాబాదులోనూ బహిరంగ విచారణ జరిగింది. ఏడు నగరాల్లో విన్నాక ఫిబ్రవరి 9న మంత్రి జైరాం రమేష్ దాన్ని నిలిపేశారు. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి.ని పెట్టిన పుష్ప భార్గవ గారు కూడా ఇంకా పరీక్షలు కావాలన్న పక్షమే. రైతులు మాట్లాడారు, శాస్త్రవేత్తలు మాట్లాడారు. ఆ సభలు జరగడం మంచిదని నమ్ముతాను. కాని ఒక్కరోజు సభలో ఎవరి మాట వాళ్ళు చెప్పి వెళ్ళారు. ఒక రైతు, ఒక ఆశా కార్యకర్త, ఒక కిరాణా కొట్టాయన, ఒక బడిపంతులు నెలల తరబడి కూర్చుని, ఇరుపక్షాల చేతా పాఠం చెప్పించుకుని, రాతపూర్వకంగా తీర్పు ఇచ్చే సంఘం మన జిల్లాల్లో ఎందుకు ఉండకూడదు? అలా కూర్చునేవాళ్ళు కావాలంటే ఏడో తరగతి నుంచే తయారుచేయాలి. జన్యువు నిర్వచనం కంఠతా పట్టించినందువల్ల వాళ్ళు రారు.

అందుకే చివరి శనివారం మేం 1976 సభను మళ్ళీ జరుపుతాం. ఒకరు వెలూచి, ఒకరు హబ్బర్డ్, ఇద్దరు ల్యాబు కావాలనేవాళ్ళు, ఎనిమిదిమంది మండలి. తల్లిదండ్రులు జనం. పొడి అక్షరం వాడితే గంట కొట్టే పని అందరిలోకీ చిన్నవాడిది. ఈసారి పిల్లలు విషయాన్ని మార్చుకున్నారు: మా లైబ్రరీలో నిజమైన బాక్టీరియా ప్రయోగం పెట్టవచ్చా లేదా అని. గంటన్నర వాదించారు. పెట్టవచ్చన్నారు, నాలుగు షరతులతో. తినుబండారాల బల్ల ఆ గదిలో ఉండకూడదు. శుభ్రం చేసేవాళ్ళకు ముందుగా చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటేనే చేయాలి. కిటికీ దగ్గరి చీమలు పోవాలి. నాలుగోది, పర్మిట్ అడిగే కాగితం మీద పన్నెండేళ్ళ పిల్ల సంతకం ఒకటైనా ఉండాలి. ఆ కాగితం ఇప్పుడు మా లైబ్రేరియన్ దగ్గర ఉంది. నగర బయోసేఫ్టీ సంఘానికి పంపడానికి చిరునామా రాస్తున్నారు.